విదేశీ వర్సిటీతో ఒప్పందం ఉంది, పని మాత్రం లేదు: పవర్ సిస్టమ్స్ వాళ్ళం ఏం చేయాలి?

ఫేజర్_పంతులు
గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో ఈఈఈ పాఠాలు చెబుతున్నాను. రెండేళ్ళ క్రితం యూరప్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో మా యాజమాన్యం ఎంఓయూ కుదుర్చుకుంది. వచ్చిన పెద్దమనిషికి శాలువా కప్పారు, వెంకటేశ్వరస్వామి ప్రతిమ చేతిలో పెట్టారు, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో వచ్చింది. ఆ తర్వాత రెండువైపులా చడీచప్పుడు లేదు. ఇప్పుడు కళాశాలల ప్రమాణాలు తనిఖీ చేసే నాక్ బృందం వస్తోందని ప్రిన్సిపాల్‌గారు నన్ను పిలిచి, ‘ఆ ఎంఓయూ కింద ఏం చేశారో రెండు పేజీలు రాసివ్వండి’ అన్నారు. ఏమీ చేయలేదన్న సంగతిని రెండు పేజీలకు సాగదీయడం నా వల్ల కాదు.

ఇప్పుడైనా ఏదో ఒకటి మొదలుపెడదామని అక్కడి ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాను. ఆయన పంపిణీ వ్యవస్థల మీద పనిచేస్తారు. మర్నాడే మర్యాదగా జవాబిచ్చారు: మీ దగ్గర ఏ సమస్య ఉందో చెప్పండి, కలిసి చూద్దాం అని. అక్కడ ఆగిపోయాను. మా దగ్గర ముగ్గురు ఎంటెక్ విద్యార్థులు, ఒక మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు, నేను పుట్టకముందు కొన్న డీసీ మోటారు జనరేటర్ సెట్లు ఉన్నాయి. వాళ్ళ దగ్గర రియల్ టైమ్ సిమ్యులేటర్ (గ్రిడ్ ప్రవర్తనను అసలు వేగంతోనే లెక్కగట్టి చూపే యంత్రం), సొంత మైక్రోగ్రిడ్ ఉన్నాయి. ఇంత తేడా ఉన్నచోట కలిసి చేసే పని అసలు ఉంటుందా? చేసినవాళ్ళు చెప్పండి.

ట్రిప్పింగ్_రావు
రెండు పేజీలు సులువే. ఒక పేజీ శాలువా ఫొటో, రెండో పేజీ ప్రతిమ ఫొటో.

పీహెచ్‌డీ_పక్షి
మా కళాశాలకు ఇలాంటివి పదకొండు ఉన్నాయి. ప్రిన్సిపాల్ గది బయట వరసగా ఫ్రేములు కట్టి వేలాడదీశారు. అందులో ఒక విశ్వవిద్యాలయం పేరు మారిపోయి చాలా కాలమైంది, ఫ్రేము మాత్రం మారలేదు.

చలిదేశం
విన్నిపెగ్‌లో ఉంటాను, సిమ్యులేషన్ పని. పంతులుగారూ, ఆ ప్రొఫెసర్ అడిగిన ప్రశ్న సరైనది. సమస్య ముందు, ఒప్పందం తర్వాత. ఈ ఊరినే చూడండి. మానిటోబా ఉత్తరాన నెల్సన్ నది మీద జలవిద్యుత్తు, కరెంటు కావలసినవాళ్ళంతా దక్షిణాన. మధ్య దాదాపు 900 కిలోమీటర్లు. అందుకే 1970ల మొదట్లోనే ఇక్కడ హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డీసీ) లైను వేశారు. దాన్ని నడపడంలో వచ్చిన తలనొప్పులే 1981లో హెచ్‌వీడీసీ పరిశోధన కేంద్రం పెట్టడానికి కారణం. పీఎస్‌క్యాడ్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ అక్కడ పెరిగిందే. మీరు అసూయపడుతున్న ఆ రియల్ టైమ్ సిమ్యులేటర్ కూడా ఆ కేంద్రంలో పుట్టి, 1994లో విడిగా కంపెనీ అయింది. ఇవాళ దేశదేశాల నుంచి ఇక్కడికి వస్తున్నారంటే ఆ పొడవాటి లైను పుణ్యమే, ఎవరితోనో సంతకాలు చేసుకున్నందుకు కాదు.

నాలుగో_ఫేజు
విన్నిపెగ్ సంగతి బాగానే ఉంది. గుంటూరు ప్రైవేటు కళాశాలకు నెల్సన్ నది ఎక్కడి నుంచి తెస్తారు? ఈ ‘అంతర్జాతీయ సహకారం’ వరస నాకు తెలుసు. డేటా మనది, కొలతలు మన పిల్లలవి, ఎండలో తిరగడం మనది. వ్యాసంలో మన పేరు అయిదోది. వాళ్ళకు నిధుల సంస్థ ముందు ‘అభివృద్ధి చెందుతున్న దేశ భాగస్వామి’ అని చూపించుకోవడానికి ఒక పేరు కావాలి, అంతే.

విద్యుల్లత
హైదరాబాద్‌లో బోధిస్తాను. నాలుగో_ఫేజు గారు చెప్పినట్టు జరిగిన సందర్భాలు నాకూ తెలుసు. కానీ అన్నిటినీ ఆ గాటనే కట్టకండి. కాన్పూర్ ఐఐటీని చూడండి. 1962 నుంచి 72 వరకు తొమ్మిది అమెరికన్ విశ్వవిద్యాలయాలు కలిసి దాన్ని నిలబెట్టాయి. 1963లోనే అక్కడికి ఐబీఎం 1620 కంప్యూటర్ వచ్చింది. లోడ్ ఫ్లో లెక్కలు (ఏ లైనులో ఎంత కరెంటు పారుతుందో తేల్చేవి) చేతితోనూ నెట్‌వర్క్ అనలైజర్ల మీదా చేస్తున్న రోజుల్లో మన పిల్లలు పంచ్ కార్డుల మీద రాశారు. అక్కడ చదివినవాళ్ళలో, బోధించినవాళ్ళలో కొందరు తర్వాత అమెరికా వెళ్ళి వాళ్ళకే పవర్ సిస్టమ్స్ నేర్పారు. రాకపోకలు రెండువైపులా ఉన్నాయి.

పంతులుగారు అడిగిన స్థాయిలో అయితే నా అనుభవం గియాన్ కోర్సు. 2015లో కేంద్రం పెట్టిన పథకం. విదేశీ ప్రొఫెసర్ వచ్చి ఒక వారమో రెండు వారాలో పాఠం చెబుతారు. వారానికి 8,000 డాలర్ల వరకు, రెండు వారాలకు 12,000 వరకు ఇస్తారు. మేం హెచ్‌వీడీసీ రక్షణ మీద పెట్టాం. కోర్సు బాగానే జరిగింది. అసలు ఫలితం మాత్రం ఆ తర్వాత మూడేళ్ళు నెలకోసారి ఆయనతో మాట్లాడుకున్న దాంట్లో ఉంది. అలా మాట్లాడుకోవడానికి మా దగ్గర ఒక లెక్క మిగిలిపోయింది, ఎటూ తేలనిది. లేకపోతే విమానం ఎక్కిన రోజుతో సరి.

రిటైర్డ్_ఏడీఈ
ట్రాన్స్‌కోలో చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. సహకారం అనగానే అందరూ విశ్వవిద్యాలయాల సంగతే చెబుతున్నారు. మా తరం చూసినవి వేరు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ చెకొస్లొవేకియా సహకారంతో వచ్చింది. టర్బైన్ మీద పనిచేసిన మా పెద్దలు చెక్ నిపుణుల పేర్లు తెలుగు పేర్లంత చనువుగా పలికేవారు. నేర్చుకున్నారు, తర్వాత సొంతంగా చేశారు.

ఇంకొకటి చెబుతాను, ఇక్కడి కుర్రవాళ్ళలో ఎంతమందికి తెలుసో చూద్దాం. దిగువ సీలేరు నుంచి బస్తర్‌లోని బర్సూర్ దాకా 196 కిలోమీటర్ల డీసీ లైను ఉండేది. 100 మెగావాట్లు, 200 కేవీ. మనవాళ్ళు సొంతంగా హెచ్‌వీడీసీ నేర్చుకోవడానికి బీహెచ్ఈఎల్ చేసిన జాతీయ ప్రయోగం. దాని ముందూ వెనకా పెద్ద లింకులు ఎక్కువగా విదేశీ పరికరాలతో వచ్చాయి. సీలేరు లైను వాణిజ్యంగా గొప్పది కాదు. కానీ దాని మీద చేతులు కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు గనకే విదేశీ కంపెనీ ఇంజినీరు ఏం చెబుతున్నాడో తర్వాత మనకు అర్థమైంది. మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ట్రిప్పింగ్_రావు
చేతులు కాల్చుకోవడం అని మా శాఖలో వాడకండి సార్, నిజంగానే కాలినవాళ్ళు ఉన్నారు.

కాసెల్_కబుర్లు
జర్మనీలో, కాసెల్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. పంతులుగారికి లైసెన్సు బాధ అక్కర్లేదు. పాండాపవర్ అనే గ్రిడ్ లెక్కల సాఫ్ట్‌వేర్ ఇక్కడి విశ్వవిద్యాలయం, ఫ్రాన్‌హోఫర్ కలిసి చేస్తున్నది, పూర్తిగా ఉచితం. మీ విద్యార్థి అందులో ఒక లోపం కనిపెట్టి సరిచేసి పంపితే అది ప్రపంచమంతా వాడే కోడ్‌లోకి వెళుతుంది. దానికి ఎంఓయూ అడగరు. మ్యాట్‌పవర్ కూడా అంతే. 1997లో కార్నెల్‌లో మొదలైంది. మ్యాట్‌ల్యాబ్ కూడా కొనలేనివాళ్ళు దాన్ని ఉచితంగా దొరికే ఆక్టేవ్‌లో నడుపుకోవచ్చు.

పీహెచ్‌డీ_పక్షి
ఉచితంగా దొరుకుతుందనే మ్యాట్‌పవర్‌తో పాటు ఐఈఈఈ 14 బస్ (14 కూడళ్ళ నమూనా గ్రిడ్) కూడా అందరూ దించుకుంటారు. నా కోపమంతా దాని మీదే. అది 1962 నాటి అమెరికన్ ఎలక్ట్రిక్ పవర్ గ్రిడ్‌లో ఒక ముక్క. 30, 57, 118 బస్‌లూ అక్కడివే. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో పవర్ సిస్టమ్స్ ఎంటెక్ చేసే పిల్లల్లో సగం మంది థీసిస్ ఆ ముక్క మీదే. ఈసారి తోడేళ్ళ పేరున్న గణిత పద్ధతితో ఆప్టిమైజ్ చేశాం, వచ్చే ఏడాది తిమింగలాలతో, ఆపై ఏడాది మిణుగురులతో. నష్టం 0.3 శాతం తగ్గింది, ధన్యవాదాలు. ఓహయో నది పక్కన అరవై ఏళ్ళ క్రితం ఉన్న గ్రిడ్‌కు మనం చేసిన సేవ ఎవరూ చేసి ఉండరు.

ఫేజర్_పంతులు
పక్షిగారూ, మీ కోపం న్యాయమే, కానీ ఒక మాట. మన ఫీడర్ మీద చేసి పంపితే సమీక్షకులు ‘ప్రామాణిక వ్యవస్థ మీద పోల్చి చూపండి’ అని తిప్పి పంపుతారు. ఎంటెక్ రెండేళ్ళే. పిల్లవాడికి ఉద్యోగం కావాలి, నాకు ప్రమోషన్‌కు వ్యాసాలు కావాలి. అన్నట్టు, నా తిమింగలం వ్యాసానికి పన్నెండు సైటేషన్లు ఉన్నాయి.

పీహెచ్‌డీ_పక్షి
అందులో నాది ఒకటి. సమీక్షకుడు చేర్చమన్నాడు.

గ్రిడ్_కాపలా
లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో షిఫ్టు ఉద్యోగం. డేటా లేదు, డేటా లేదు అని అందరూ అంటారు. పూర్తి నెట్‌వర్క్ మోడల్ ఇవ్వరు, నిజమే, ఇవ్వకూడదు కూడా. అమెరికా వాళ్ళూ ఇవ్వరు. అందుకే టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్ళు టెక్సస్ గ్రిడ్‌ను పోలిన 2,000 బస్‌ల కృత్రిమ గ్రిడ్ తయారుచేసి అందరికీ పెట్టారు. కానీ గ్రిడ్ ఇండియా రోజూ ఫ్రీక్వెన్సీ, డిమాండు, లైన్ల లోడింగ్ నివేదికలు బహిరంగంగానే పెడుతుంది. ఎంతమంది తెరిచి చూశారు?

పాఠం విషయంలో నాదొక సూచన. ఆ యూరప్ ప్రొఫెసర్‌తో కలిసి రెండు తరగతులకు ఒకే పాఠం చెప్పండి: 2012 జులై మన బ్లాకవుట్, 2025 ఏప్రిల్ 28 స్పెయిన్, పోర్చుగల్ బ్లాకవుట్. రెండిటి మీదా విచారణ నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. మనది జులై 30 అర్ధరాత్రి దాటాక 2:33కు బీనా గ్వాలియర్ 400 కేవీ లైనుతో మొదలైంది. లైనులో ఫాల్టు లేదు. లోడ్ మరీ ఎక్కువై, వోల్టేజీ తగ్గి, మూడో జోన్ రిలే (దూరపు ఫాల్టులను కనిపెట్టే రక్షణ పరికరం) దాన్నే ఫాల్టనుకుని ట్రిప్ చేసింది. మర్నాడు మధ్యాహ్నం అదే కథ ఇంకా పెద్దగా, 60 కోట్ల మందికి పైగా ఉన్న ప్రాంతమంతా చీకటి. స్పెయిన్‌ది పూర్తిగా తిరగేసిన కథ. అక్కడ వోల్టేజీ పెరిగింది. పెరిగి జనరేటర్లు ట్రిప్ అయ్యాయి, ట్రిప్ అయినకొద్దీ ఇంకా పెరిగింది. ఒకటి వోల్టేజీ పడి, ఒకటి లేచి. ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

పైగా 2012లో మన తెలుగు ప్రాంతం ఎందుకు బతికిందో కూడా చెప్పవచ్చు. అప్పటికి సదరన్ గ్రిడ్ మిగతా దేశంతో ఏసీగా కలవలేదు. గాజువాక, తాల్చేర్ కోలార్ వంటి డీసీ లింకులే ఉండేవి. అటు ఊగినా ఇటు ఊగలేదు. ఏసీగా కలిసింది 2013 డిసెంబరు 31న, రాయచూర్ సోలాపూర్ లైనుతో.

కరెంటు_పోయింది
బీటెక్ మూడో సంవత్సరం. ఇలాంటి ఉమ్మడి తరగతి ఒకటి మాకు జరిగింది. విదేశీ సార్ గ్రిడ్ విశ్వసనీయత గురించి చెబుతుండగా మా హాల్లో కరెంటు పోయింది. ఆయనకు కనెక్షన్ సమస్య అని చెప్పాం.

చలిదేశం
కాపలాగారు పీఎంయూ సంగతి చెప్పలేదే. ఇది సరిగ్గా ఈ చర్చకు సంబంధించిన కథ. గ్వాలియర్‌లో పుట్టి ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన అరుణ్ ఫడ్కే వర్జీనియా టెక్‌లో తన బృందంతో కలిసి 1988లో మొదటి పీఎంయూ తయారుచేశారు. జీపీఎస్ గడియారంతో దేశమంతా ఒకే క్షణంలో ఫేజర్లు (వోల్టేజీ, కరెంటుల పరిమాణం, కోణం) కొలిచే పరికరం. 2003 ఆగస్టులో అమెరికా, కెనడా కలిసి చీకట్లో పడ్డప్పుడు విచారణ బృందానికి పెద్ద తలనొప్పి, వందల రికార్డర్ల గడియారాలు ఒకదానికొకటి కలవకపోవడం. ఏది ముందు ట్రిప్ అయిందో తేల్చడానికే చాలా కాలం పట్టింది. ఆ తర్వాత అందరూ పీఎంయూల వైపు పరుగెత్తారు. 2012 నాటికి మన ఉత్తర గ్రిడ్‌లో ప్రయోగానికి పెట్టిన కొన్ని ఉన్నాయి, వాటి రికార్డులు విచారణకు పనికొచ్చాయి.

నాలుగో_ఫేజు
అంటే మనవాడు అక్కడికి వెళ్ళి చేస్తే, మనం మళ్ళీ డబ్బిచ్చి తెచ్చుకున్నాం. నేను చెబుతున్నదీ అదే కదా.

విద్యుల్లత
తెచ్చుకోలేకపోయి ఉంటే? పరికరం ఎక్కడ పుట్టిందన్న దానికంటే దాని రికార్డు చదవగలిగేవాళ్ళు ఇక్కడ ఉన్నారా లేదా అన్నది నాకు ముఖ్యం. 2012లో ఉన్నారు.

డబ్బు సంగతి ఎత్తారు గనక. పెద్ద ప్రాజెక్టుల్లో అమెరికా డబ్బు మనకు రాదు. 2017లో మొదలైన యూఐ అసిస్ట్ చూడండి, స్మార్ట్ పంపిణీ, స్టోరేజీ మీద. అటు వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ, ఇటు కాన్పూర్ ఐఐటీ ముందుండి నడిపాయి. వాళ్ళ ఇంధన శాఖ వాళ్ళ జట్టుకు, మన శాస్త్ర సాంకేతిక శాఖ మన జట్టుకు ఇచ్చాయి. ఎవరి జేబు వారిదే. కాబట్టి మీ యాజమాన్యం యూరోలు వస్తాయని కలలు కంటుంటే పంతులుగారూ, ముందే చెప్పేయండి.

ఫేజర్_పంతులు
కలలు కంటున్నారు. కొత్త బ్లాకుకు ఆ విశ్వవిద్యాలయం పేరు పెడదామని కూడా అనుకుంటున్నారు.

కరెంటు_పోయింది
కాసెల్ అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. జర్మనీలో పవర్ ఎంఎస్ ఇప్పటికీ ఫీజు లేకుండానేనా?

కాసెల్_కబుర్లు
చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకు చిన్న చందా ఉంటుంది. బాడెన్ వుర్టెంబెర్గ్‌లో ఈయూ బయటివాళ్ళకు సెమిస్టరుకు 1,500 యూరోలు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతకాలం నుంచి వసూలు చేస్తోంది, మాస్టర్స్‌కు సెమిస్టరుకు 4,000 నుంచి 6,000. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలను సరిచూసి ఇచ్చేది) ముందుగా పెట్టుకోండి, అది లేకుండా వీసా దరఖాస్తు కదలదు. రెండు మూడు దేశాల్లో చదవాలనుంటే ఎరాస్మస్ ముండస్‌లో స్టెప్స్ అని ఒకటి ఉంది, రవాణా, విద్యుత్ వ్యవస్థల మీద. స్పెయిన్‌లోని ఒవియెడో విశ్వవిద్యాలయం మరికొన్ని యూరప్ సంస్థలతో కలిసి నడిపేది. మిగతాది విడిగా మెసేజ్ పెట్టండి, ఇక్కడ చర్చ పక్కదారి పడుతుంది.

రిటైర్డ్_ఏడీఈ
పక్కదారి పట్టిందని నేనూ అనుకుంటున్నాను. పంతులుగారి దగ్గర ఏ సమస్య ఉందో చెప్పమన్నాడా దొర? గుంటూరు జిల్లాలో సమస్యకు కరువా? నా సర్వీసులో నేను ఎక్కువగా చూసినది కాలిన డీటీఆర్‌లు, అంటే ఊళ్ళో పొలాల్లో ఉండే పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లు. వ్యవసాయ ఫీడర్ ఛార్జ్ అయ్యే సమయానికి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడండి. అన్ని మోటార్లకూ ఆటో స్టార్టర్లు. రైతు ఇంట్లో పడుకుని ఉంటాడు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే లేస్తుంది. అన్నీ ఒక్కసారే. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగిన చప్పుడు వినబడుతుంది, ఆపై ఫ్యూజు. ఫ్యూజు స్థానంలో లావు తీగ కట్టి ఉంటే ఫ్యూజు పోదు, కాయిలే పోతుంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటలు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయించడానికి ఊరూరా తిరిగారు. ఇటువైపు పగలు తొమ్మిది గంటల సరఫరా, కాబట్టి తీయమంటే రైతు ఒప్పుకోడు. అర్ధరాత్రి లేచి వెళ్ళి పాము కాటుకు చచ్చిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. స్టార్టర్ పెట్టుకోవడంలో ఆయన తప్పు లేదు.

చలిదేశం
ఏడీఈ గారూ, ఆగండి. మీరు చెప్పింది మా ఊళ్ళో రోజూ మాట్లాడుకునే సమస్య! ఇక్కడ చాలా ఇళ్ళకు కరెంటు హీటర్లే. చలికాలం మైనస్ 30లో రెండు గంటలు కరెంటు పోయి తిరిగి వస్తే అన్ని ఇళ్ళ హీటర్లూ ఒక్కసారే అందుకుంటాయి. మామూలప్పుడు ఒకటి ఆగితే ఒకటి తిరుగుతూ లోడు సర్దుకుంటుంది, అప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. ఫీడర్ మళ్ళీ ట్రిప్. దీన్ని కోల్డ్ లోడ్ పికప్ అంటారు, దశాబ్దాల పరిశోధన ఉంది. పంతులుగారి యూరప్ ప్రొఫెసర్‌కూ ఇది కొత్త కాదు, ఇప్పుడక్కడ హీట్ పంపులు పెరుగుతున్నాయి.

గ్రిడ్_కాపలా
పైపైన చూస్తే ఒకటే, లోపల కాదు. హీటరు రెసిస్టివ్ లోడు, గది వెచ్చబడేదాకా ఎక్కువ లాగుతూనే ఉంటుంది, గంటల మాట. మోటారుది సెకన్ల మాట. పైగా పంపులన్నీ సరఫరా ఉన్నంతసేపూ నడుస్తాయి గనక ఆ ఒకటి ఆగి ఒకటి తిరిగే వెసులుబాటు మొదటి నుంచే లేదు.

లెక్క చూడండి. 5 హార్స్‌పవర్ మోటారు అంటే 3.73 కిలోవాట్లు. సామర్థ్యం 0.8, పవర్ ఫ్యాక్టర్ 0.8 వేసుకుంటే దాదాపు 5.8 కేవీఏ. 25 కేవీఏ డీటీఆర్ కింద నాలుగు నడిస్తేనే 23. నాలుగూ ఒకేసారి లేస్తే, స్టార్టింగ్ కరెంటు అయిదున్నర రెట్లు అనుకుంటే, 128 కేవీఏ దగ్గర. డీటీఆర్ ఇంపిడెన్స్ 4.5 శాతం ఒక్కటే లెక్కేసినా వోల్టేజీ అయిదో వంతు దాకా పడుతుంది. టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మూడింట రెండు వంతులకు దిగుతుంది. దానికి ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైను డ్రాప్ కలపండి. చివరి పోలు దగ్గరి మోటారు లేవనే లేవదు, ఆగిపోయి అదే స్టార్టింగ్ కరెంటు లాగుతూ కూర్చుంటుంది. అప్పుడు సెకన్ల మాట నిమిషాల మాట అవుతుంది. హీటర్ల పరిశోధనలో ఈ భాగం ఉండదు.

పీహెచ్‌డీ_పక్షి
ఇది! ఇది థీసిస్! తిమింగలాలు లేని థీసిస్!

చలిదేశం
కాపలాగారు సరిగ్గా పట్టుకున్నారు. ఎయిర్ కండిషనర్లు ఎక్కువున్న చోట్ల సింగిల్ ఫేజు కంప్రెసర్లు ఇలాగే ఆగిపోతాయి, అమెరికా పడమటి గ్రిడ్‌లో ఫాల్టు తర్వాత వోల్టేజీ కోలుకోకపోవడానికి అదొక కారణం. మోటార్లు ఆగిపోయే నమూనాలు అక్కడ ఉన్నాయి. హీటరు నమూనాను పక్కనపెట్టి దీన్ని తీసుకోండి.

నాలుగో_ఫేజు
నమూనాలు సరే. కొలత ఎవరి దగ్గర ఉంది? సబ్‌స్టేషన్ మీటరు పదిహేను నిమిషాల సగటు ఇస్తుంది. అందులో మొదటి ముప్పై సెకన్లలో జరిగింది ఎక్కడ కనబడుతుంది? ఇక చేతిరాత లాగ్‌షీటు సంగతి సరేసరి. నేను చూసిన ఒక సబ్‌స్టేషన్‌లో రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా అంకెలన్నీ ఒకే సిరా, ఒకే వాలు, 120 ఆంపియర్లు.

గ్రిడ్_కాపలా
అందుకే డీటీఆర్ ఎల్‌టీ వైపు రికార్డర్ పెట్టాలి. మూడు ఫేజుల వోల్టేజీ, కరెంటు, సెకనుకు కనీసం వెయ్యి శాంపిళ్ళు. క్లాంపుతో బిగించే సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు) చాలు. లైను కోయనక్కర్లేదు.

విద్యుల్లత
ఇదే మీ వంతు పంతులుగారూ. వాళ్ళ దగ్గర సిమ్యులేటర్ ఉంది, కానీ ఇరవై డీటీఆర్‌ల మీద నెల రోజుల స్టార్టింగ్ రికార్డులు వాళ్ళకు ఎక్కడా దొరకవు. మోటారు నమూనా వాళ్ళు కట్టనీయండి, దాన్ని సరిచూసేది మీ కొలత. మీ మెషీన్స్ ల్యాబ్‌లో ఆ పాత మోటార్లున్నాయిగా, 5 హార్స్‌పవర్ ఇండక్షన్ మోటారును ఆటోట్రాన్స్‌ఫార్మర్ మీద వోల్టేజీ తగ్గిస్తూ లేపి చూడండి, ఎక్కడ ఆగిపోతుందో మొదటి నెలలోనే తెలుస్తుంది. నాలుగో_ఫేజు గారి బాధకు కూడా మందు చెబుతాను: మొదటి మెయిల్‌లోనే రాసేయండి, డేటా ఎక్కడ ఉంటుంది, ఎవరు విడుదల చేస్తారు, వ్యాసంలో మొదటి పేరు మీ విద్యార్థిదని. మర్యాద తక్కువ అనుకోకండి, అక్కడివాళ్ళు ముందే రాసుకోవడానికి అలవాటు పడ్డవాళ్ళు.

నాలుగో_ఫేజు
అలా రాసి, వాళ్ళు ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఒప్పుకున్న మెయిల్ ఇక్కడ పెట్టండి.

రిటైర్డ్_ఏడీఈ
క్లాంపే కదా అని విద్యార్థి చేత పోలు ఎక్కించారంటే ఊరుకోను. లైన్‌మన్ ఉండాలి, ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి, ఎర్త్ చేశాకే చేయి పెట్టాలి. ఎవరికి రాయాలంటే ఎస్ఈ ఆపరేషన్‌కు ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం, నకలు డీఈకి. ఉత్తరంలో విదేశీ విశ్వవిద్యాలయం అని మొదటి వాక్యంలో రాయకండి, ఫైలు నేరుగా విజయవాడ వెళ్ళిపోతుంది, తిరిగి రాదు. ‘డీటీఆర్ వైఫల్యాల అధ్యయనం’ అని రాయండి. ఆ మాట వింటే ఏ డీఈ అయినా కుర్చీ వేస్తాడు.

గ్రిడ్_కాపలా
చిన్న సవరణ సార్. విదేశీ సంగతి మొదటి వాక్యంలో లేకపోయినా ఉత్తరంలో ఎక్కడో ఉండాలి. రికార్డులు దేశం దాటుతాయని తర్వాత తెలిస్తే అసలుకే మోసం. వినియోగదారుల పేర్లు, సర్వీసు నంబర్లు తీసేసి, వోల్టేజీ, కరెంటు తరంగాలు మాత్రమే పంపుతామని స్పష్టంగా రాయండి. డీటీఆర్‌కు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టుకోండి.

రిటైర్డ్_ఏడీఈ
రెండో పేరాలో రాయమనండి. అంతవరకు ఒప్పుకుంటాను.

కాసెల్_కబుర్లు
ఫీడర్‌ను పాండాపవర్‌లో కట్టడానికి నేను సాయం చేస్తాను. స్టార్టింగ్ తరంగాలకు అది సరిపోదు, వోల్టేజీ డ్రాప్ వరకే. తరంగాలకు ఏటీపీ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాం వాడండి. అది, డామెల్ అనే ఇంజినీరు మ్యూనిక్‌లో మొదలుపెట్టి, పోర్ట్‌లాండ్‌లో బోన్‌విల్ సంస్థలో పూర్తి చేసిన ఈఎమ్‌టీపీకి వారసురాలు. 1980లలో వాణిజ్యం గొడవ వచ్చి విడిపోయింది గానీ విశ్వవిద్యాలయాలకు ఇప్పటికీ ఉచితమే, లైసెన్సు దరఖాస్తు ఒకటి పెట్టాలి.

ఫేజర్_పంతులు
పొద్దున చూసేసరికి ఇన్ని జవాబులు. మా విభాగాధిపతికి చదివి వినిపించాను. ఆయనకు నచ్చిన మాట ‘డీటీఆర్ వైఫల్యాలు’, ప్రిన్సిపాల్‌గారికి నచ్చిన మాట ‘అంతర్జాతీయ’. ఇద్దరికీ చెరొకటి దొరికింది. యూరప్ ప్రొఫెసర్‌కు ఏడీఈ గారి వర్ణన, కాపలాగారి లెక్క ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో రాసి పంపాను, మొదటి పేరు షరతుతో సహా. ఆయన జవాబు ఈసారి రెండు పేజీలు. మొదటి ప్రశ్న: ‘ఫ్యూజు స్థానంలో లావు తీగ అంటే ఎంత లావు?’ షరతు గురించి ఒక్క వాక్యమే రాశారు, అది సహజమే అని. నాలుగో_ఫేజు గారి కోసం ఆ వాక్యం ఇక్కడ పెడుతున్నాను.

మా ఎంటెక్ అమ్మాయి ఒకతె వాళ్ళ ఊరు రేపల్లె వైపు, వాళ్ళ నాన్నగారి పొలం పక్కనే 25 కేవీఏ డీటీఆర్ ఉందట, కిందటి ఏడాది రెండుసార్లు కాలిందట. మొదటి రికార్డర్ అక్కడే.

రిటైర్డ్_ఏడీఈ
ఆ సెక్షన్ ఏఈ నా దగ్గర సబ్ ఇంజినీరుగా చేసినవాడే. ఫోన్ చేసి చెబుతాను. లావు తీగ సంగతి దొరకు చెప్పకండి, ఒక ముక్క కోసి పంపండి.

ట్రిప్పింగ్_రావు
నాదొక సాంకేతిక సందేహం. తొమ్మిది గంటలే సరఫరా ఉండే చోట, కరెంటు వచ్చిన మొదటి క్షణాన్ని పట్టుకోవాల్సిన ఆ రికార్డర్‌కు కరెంటు ఎక్కడిది?

గ్రిడ్_కాపలా
12 వోల్టుల బైక్ బ్యాటరీ, చిన్న సోలార్ ప్యానెల్. ప్యానెల్ మాత్రం అందేంత ఎత్తులో పెట్టకండి.